‘నిర్జన ప్రదేశం’ అనే అబద్ధం

అణ్వస్త్రాల చరిత్రను శాస్త్రవేత్తల పేర్లతోనో, బాంబుల శక్తిని చెప్పే అంకెలతోనో మొదలుపెట్టడం ఆనవాయితీ. నిజానికి ఆ చరిత్ర ఒక మాటతో మొదలవుతుంది. ఆ మాట ‘నిర్జన ప్రదేశం’. అణ్వస్త్ర రాజ్యాలు ఒకదాని తరువాత ఒకటి తమ బాంబును పేల్చి చూసుకునే ముందు పటంలో ఒక చోటు చూపించి, అక్కడ ఎవరూ లేరని ప్రకటించాయి. సోవియట్ యూనియన్ కజక్ గడ్డిమైదానాన్ని చూపింది. ఫ్రాన్స్ తన వలస పాలనలో ఉన్న అల్జీరియా సహారాను చూపింది. చైనా వీగర్ ముస్లింల మాతృభూమి అయిన షిన్‌జియాంగ్‌లోని లోప్ నూర్‌ను ఎంచుకుంది. అమెరికా మార్షల్ దీవులను, బ్రిటన్ ఆస్ట్రేలియా ఆదివాసుల మరలింగాను ఎంచుకున్నాయి. మన దేశానికి థార్ ఎడారి, పాకిస్తాన్‌కు బలూచిస్తాన్ కొండలు దొరికాయి.

ఈ చోట్లన్నింటా మనుషులున్నారు. పశువులు, బావులు, సమాధులు, పెళ్ళి ఊరేగింపులు నడిచిన దారులు ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే, రాజధానిలో వారి తరఫున మాట్లాడే గొంతు. నిర్జనం అన్నది భూగోళ శాస్త్రం తేల్చిన విషయం కాదు. అధికారం చేసిన తీర్మానం. బాంబు పేలడానికి ముందే అక్కడి మనుషులు లెక్కలోనుంచి తొలగించబడ్డారు. లెక్కలో లేని మనిషికి జబ్బు చేసినా అది లెక్కకు రాదు. గణాంకాలలో, ఓటర్ల జాబితాలలో, పౌరసత్వ పత్రాలలో తమ ఉనికిని పదే పదే రుజువు చేసుకోవలసి వస్తున్న సమాజానికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. అందుకే అణ్వస్త్రాల ప్రశ్న మనది కాదని, అది రాజనీతిజ్ఞులకూ సైనికాధికారులకూ సంబంధించిన వ్యవహారమని ఊరుకునే హక్కు మనకు లేదు.

సెమిపలాటిన్స్క్: నలభై ఏళ్ళ ప్రయోగశాల

1949 ఆగస్టు 29న సోవియట్ యూనియన్ తన మొదటి అణుబాంబును ఈశాన్య కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్స్క్ పరీక్షా క్షేత్రంలో పేల్చింది. దాదాపు 18,500 చదరపు కిలోమీటర్ల ఆ క్షేత్రాన్ని ఎంపిక చేసిన కార్యక్రమానికి అధిపతి స్టాలిన్ రహస్య పోలీసు దళ నాయకుడు లావ్రెంతీ బేరియా. ఆ ప్రాంతంలో జనం లేరన్నది ఆయన మాట. నిజానికి అది కజక్ సాహిత్యానికి పునాది వేసిన మహాకవి అబాయ్ పుట్టిన నేల. తరతరాలుగా గొర్రెలనూ గుర్రాలనూ మేపుకుంటూ, ఋతువును బట్టి మకాం మార్చుకుంటూ బతికిన ముస్లిం పశుపాలకుల ఊళ్ళు ఆ చుట్టూ ఉన్నాయి.

1949 నుంచి 1989 వరకు అక్కడ 456 అణు పరీక్షలు జరిగాయి. వాటిలో 116 నేల మీదా, గాలిలోనూ జరిగినవి. పరీక్షా క్షేత్రానికి గోడ ఉండవచ్చు, కాపలా ఉండవచ్చు. గాలికి కాపలా ఎక్కడిది? 1956 ఆగస్టులో జరిగిన ఒక పేలుడు ధూళి క్షేత్రం దాటి ఉస్త్-కమెనోగోర్స్క్ అనే పారిశ్రామిక పట్టణం మీద పడింది. ఆరువందలకు పైగా మనుషులు రేడియేషన్ జబ్బుతో ఆసుపత్రుల పాలయ్యారు.

తరువాత ప్రభుత్వం ఏం చేసింది? 1957లో సెమిపలాటిన్స్క్ నగరంలో ఒక వైద్యశాల తెరిచింది. దాని పేరు ‘బ్రూసెల్లోసిస్ నిరోధక వైద్యశాల, నంబరు 4’. బ్రూసెల్లోసిస్ అంటే పశువుల నుంచి మనుషులకు సోకే ఒక జ్వరం. గొర్రెలు కాచుకునే వారికి ఆ పేరు వింతగా తోచదు కనుక ఆ పేరు పెట్టారు. లోపల జరిగింది వేరు. రేడియేషన్ మనిషి శరీరాన్ని ఏం చేస్తున్నదో రక్తం తీసి, పరీక్షించి, రాసుకోవడం అక్కడి పని. రాసుకున్నది మాస్కోకు వెళ్ళేది. రోగికి తన రోగం పేరు చెప్పేవారు కారు. చికిత్స కోసమని వచ్చినవాడు తాను ఒక ప్రయోగంలో అంకెనని ఎరగకుండానే ఇంటికి తిరిగి వెళ్ళాడు. వైద్యవృత్తి చరిత్రలో ఇంతకంటే పెద్ద విశ్వాసఘాతుకం ఏముంటుంది?

1965 జనవరిలో అదే క్షేత్రం అంచున చగాన్ నది దగ్గర 140 కిలోటన్నుల బాంబును భూమిలో పేల్చి ఒక చెరువును ‘నిర్మించారు’. అణుశక్తిని శాంతియుత ప్రయోజనాలకు వాడవచ్చునని నిరూపించడం దాని ఉద్దేశమట. ఆ జలాశయాన్ని నేటికీ ప్రజలు ‘అణు చెరువు’ అనే పిలుస్తారు.

సోవియట్ యూనియన్ కూలిపోయాక కజక్ ప్రభుత్వం వేసుకున్న లెక్కలో ఈ పరీక్షల ప్రభావానికి గురైనవారు దాదాపు 15 లక్షల మంది. 1992లో బాధితుల సామాజిక రక్షణకు ఒక చట్టం చేశారు. నాటి రహస్య వైద్యశాల నేడు సెమేయ్ నగరంలో రేడియేషన్ వైద్య పరిశోధనా సంస్థగా పనిచేస్తోంది. అదే నగరంలోని వైద్య విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో వైకల్యాలతో పుట్టి కన్ను తెరవని శిశువుల దేహాలు గాజు జాడీలలో ఉన్నాయి. మన దేశం నుంచి, మన తెలుగు కుటుంబాల నుంచి కూడా ఎందరో పిల్లలు ఎం.బి.బి.ఎస్. చదువుకు కజకిస్తాన్ వెళుతున్నారు. తమ బిడ్డలు వెళ్ళిన దేశం ఏ దుఃఖాన్ని మోసిందో ఆ తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

గాలి నుంచి గడ్డికి, గడ్డి నుంచి పాలకు

బాంబు ఆ క్షణంలో చంపుతుందన్నది అందరికీ తెలిసిందే. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద పడిన రెండు బాంబులు ఆ ఏడాది ముగిసేసరికి రెండు లక్షలకు పైగా ప్రాణాలు తీశాయి. ఆ తరువాత కొన్నేళ్ళకు బతికినవారిలో రక్తక్యాన్సర్ పెరిగింది. మరి కొన్నేళ్ళకు రొమ్ము, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, థైరాయిడ్ క్యాన్సర్లు పెరిగాయి. తల్లి గర్భంలో ఉండగా రేడియేషన్ సోకిన శిశువులు కొందరు చిన్న తలతో, ఎదగని మెదడుతో పుట్టారు. ఇవి వదంతులు కావు. దాదాపు 1,20,000 మందిని దశాబ్దాల పాటు వెంబడించి చూసిన వైద్య పరిశోధన నమోదు చేసిన వాస్తవాలు.

అయితే బాంబు పడని చోట, కేవలం పరీక్ష జరిగిన చోట, రోగం ఎలా వస్తుంది? ఇది ప్రతి తల్లీ తెలుసుకోవలసిన విషయం. పేలుడులో పుట్టిన రేడియోధార్మిక ధూళి పైకి లేచి, గాలితో ప్రయాణించి, వానతోనో తనంత తానుగానో నేలకు దిగుతుంది. గడ్డి మీద పడుతుంది. ఆవో మేకో గుర్రమో ఆ గడ్డి తింటుంది. కొద్ది కాలంలోనే అది పాలలో కనిపిస్తుంది. ఆ పాలలోని అయోడిన్-131ను శరీరం మామూలు అయోడిన్ అనుకుని కంఠంలోని థైరాయిడ్ గ్రంథికి చేరవేస్తుంది. దాని తీవ్రత ఎనిమిది రోజులకు సగమవుతుంది. కాని పసిబిడ్డ గ్రంథి చిన్నది, తాగే పాలు ఎక్కువ, ఆ కొద్ది రోజులే చాలు. స్ట్రాన్షియం-90ని శరీరం కాల్షియం అనుకుని ఎముకలలోకీ పళ్ళలోకీ తీసుకుంటుంది. అది సగం కావడానికి దాదాపు 29 ఏళ్ళు పడుతుంది. సీసియం-137కు 30 ఏళ్ళు. ప్లుటోనియం-239కు 24,100 ఏళ్ళు. మానవజాతి రాయడం నేర్చి ఐదారు వేల ఏళ్ళకు మించలేదని గుర్తు చేసుకుంటే ఈ చివరి అంకె అర్థం తెలుస్తుంది. అక్కడ ప్రమాదం ఉందని రాసిపెట్టే హెచ్చరిక పలకను చదివే భాష కూడా మిగలనంత కాలం అది.

1950ల చివరి నుంచి అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో తల్లులు, వైద్యులు, శాస్త్రవేత్తలు కలిసి పిల్లల పాలపళ్ళు సేకరించారు. ఊడిపోయిన పాలపళ్ళు దాదాపు మూడు లక్షలు పోగయ్యాయి. ఎక్కడో ఎడారిలో జరిగిన పరీక్షల తాలూకు స్ట్రాన్షియం తమ బిడ్డల పళ్ళలో ఉందని ఆ తల్లులు రుజువు చేశారు. 1963లో భూమి మీదా, గాలిలోనూ, నీటిలోనూ పరీక్షలను నిషేధించే ఒప్పందం రావడానికి తోడ్పడిన కారణాలలో ఆ పాలపళ్ళు ఒకటి. ప్రభుత్వాలు దాచిన నిజాన్ని ఇళ్ళలోని ఆడవాళ్ళు బయటపెట్టారు. మన చెల్లెళ్ళు ఈ సంగతి మరువరాదు.

కజక్ ఊళ్ళలో పాలంటే గుర్రపు పాలు, ఆవు పాలు. ఆహారమంటే మాంసం, పాల పదార్థాలు. ఏది వారికి బలమో అదే విషానికి దారి అయింది. అక్కడ చిన్ననాడు రేడియేషన్ సోకినవారిలో థైరాయిడ్ గడ్డలు ఎక్కువని తరువాతి పరిశోధనలు తేల్చాయి. 2002లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, సెమిపలాటిన్స్క్ పరిసర కుటుంబాలలో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు చేరిన జన్యుమార్పుల రేటు మామూలు కంటే గణనీయంగా హెచ్చిందని చూపింది. పరీక్షా క్షేత్రానికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో 1968లో చేతులు లేకుండా పుట్టిన కరీప్‌బెక్ కుయుకోవ్ నోటితోనూ కాలివేళ్ళతోనూ కుంచె పట్టి ప్రపంచానికి తెలిసిన చిత్రకారుడయ్యారు. అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా దేశదేశాలు తిరిగారు. ఆయన కథను మనం ఆశ్చర్యంగా చెప్పుకుని ఆగిపోతే సరిపోదు. కుంచె పట్టలేని, పేరు ఎవరూ తెలుసుకోని వారెందరు అని అడగాలి.

సహారా ఇసుకలో పాతిపెట్టిన నేరం

అల్జీరియా స్వాతంత్ర్యం కోసం రక్తం ఓడుస్తున్న రోజులలోనే, 1960 ఫిబ్రవరి 13న, ఫ్రాన్స్ అక్కడి రెగ్గాన్ సమీపంలో తన మొదటి అణుబాంబును పేల్చింది. హిరోషిమా బాంబుకు నాలుగింతలకు పైగా శక్తి గల దానికి ‘నీలి జెర్బోవా’ అని ఒక చిన్న ఎడారి జంతువు పేరు పెట్టారు. మొత్తం 17 పరీక్షలు. నాలుగు గాలిలో, పదమూడు హొగ్గార్ పర్వతాలలోని ఇన్ ఎక్కర్ వద్ద సొరంగాలలో. వీటిలో పదకొండు 1962లో అల్జీరియా స్వతంత్రమైన తరువాత జరిగాయన్నది గమనించదగిన విషయం. స్వాతంత్ర్యం ఇచ్చే ఒప్పందంలోనే బాంబుకు చోటు ఉంచుకున్నారు.

1962 మే 1న ఇన్ ఎక్కర్‌లో సొరంగం మూత నిలవలేదు. రేడియోధార్మిక మేఘం బయటికి చిమ్మింది. చూడడానికి పారిస్ నుంచి వచ్చిన ఇద్దరు మంత్రులు, పియెర్ మెస్మెర్, గాస్తోన్ పలేవ్‌స్కీ, పరుగులు తీశారు. వారికి స్నానం చేయించారు, బట్టలు మార్చారు, పరీక్షలు చేశారు. చుట్టుపట్ల ఒంటెలు తోలుకునే తువారెగ్ కుటుంబాలకు అంతటి శ్రద్ధ ఎవరు చూపారు?

ఫ్రాన్స్ వెళ్ళిపోతూ యంత్రాలు, వాహనాలు, లోహపు సామాను ఇసుకలో పూడ్చి వెళ్ళింది. ఏమీ తెలియని పేదలు రాగి తీగలూ ఇనుమూ తవ్వుకుని ఇళ్ళకు తెచ్చుకున్నారు. ఎక్కడ ఏం పూడ్చిందో సంపూర్ణంగా చూపే పటాలను ఇవ్వమని అల్జీరియా నేటికీ అడుగుతూనే ఉంది. 2010లో ఫ్రాన్స్ పరిహార చట్టం చేసింది. ఆ చట్టం కింద పరిహారం అందిన అల్జీరియన్లను వేళ్ళ మీద లెక్కించవచ్చు. మానవ హక్కుల పాఠాలు ప్రపంచానికి చెప్పే దేశపు న్యాయం ఇది.

చైనా సంగతి మరీ దారుణం. 1964 నుంచి 1996 వరకు లోప్ నూర్‌లో 45 పరీక్షలు జరిపింది. వాటిలో సగం దాకా ఆకాశం కింద జరిగినవే. వీగర్ల ఊళ్ళలో ఏ జబ్బు ఎంతమందికి వచ్చిందో బయటివారు స్వేచ్ఛగా పరిశీలించే అవకాశం నేటికీ లేదు. కమ్యూనిస్టు బాంబు, ప్రజాస్వామ్య బాంబు, వలసవాద బాంబు, వలసవాద వ్యతిరేక బాంబు, ఇవన్నీ జెండాల తేడాలే. ధూళి మాత్రం ఒక్కటే.

ఇటు పోఖ్రాన్, అటు చాగై

ఇప్పుడు మన వైపు తిరిగి చూసుకుందాం. 1998 మే 11న, 13న భారత ప్రభుత్వం పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిపింది. అదే నెల 28న పాకిస్తాన్ బలూచిస్తాన్‌లోని చాగై కొండలలో, 30న ఖారాన్ ఎడారిలో పరీక్షలు జరిపింది. ఇక్కడ కొందరు పోఖ్రాన్ ఇసుకను దేశమంతా ఊరేగించాలన్నారు, అక్కడ ఒక గుడి కట్టాలన్నారు. అక్కడ నగరాల కూడళ్ళలో చాగై కొండ నమూనాలు వెలిశాయి. మే 28కి ‘యౌమె తక్బీర్’ అని పేరు పెట్టి పండుగ చేశారు. దైవనామాన్ని విధ్వంసానికి పతాకగా కట్టడంలో రెండు వైపులవారూ ఒకరికొకరు అచ్చమైన ప్రతిబింబాలు.

‘ఇస్లామిక్ బాంబు’ అన్న మాటను మొదట పాశ్చాత్య పత్రికలు నిందగా వాడాయి. మనలో కొందరు దాన్ని బిరుదుగా తలకెత్తుకున్నారు. ఈ మాటను ఇకనైనా దించుకోవాలి. గడ్డి తిని అయినా బాంబు చేసుకుంటామని జుల్ఫికర్ అలీ భుట్టో ప్రగల్భం పలికారు. గడ్డి తిన్నది భుట్టోలు కారు, సైనికాధికారులూ కారు. తన కొండ మీద ఏం చేస్తున్నారో ఎవరూ అడగని బలూచ్ గొర్రెల కాపరి తిన్నాడు. అతడు ముస్లిం కాడా? అతని దుఃఖానికి తక్బీర్ చెప్పేవారు ఎవరు?

మొదటి ఖలీఫా హజ్రత్ అబూ బక్ర్ (రజి.) సిరియాకు సైన్యాన్ని పంపుతూ స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దని, ఫలవృక్షాలను నరకవద్దని, నివాసాలను పాడుచేయవద్దని, తినడానికి తప్ప గొర్రెనైనా ఒంటెనైనా వధించవద్దని ఆదేశించినట్టు ఇమామ్ మాలిక్ ‘ముఅత్తా’లో నమోదై ఉంది. ఆ ఆదేశంలోని ఒక్కొక్క అంశాన్నీ అణుబాంబు ముందు పెట్టి చూడండి. అది స్త్రీని, శిశువును, వృద్ధుణ్ణి వేరుచేసి చూడలేదు. చెట్టును మాత్రమే కాక చెట్టు మొలిచే మట్టిని, గొర్రెను మాత్రమే కాక గొర్రె తాగే నీటిని తరతరాలకు చెడగొడుతుంది. యుద్ధంలో కూడా హద్దులున్నాయని నమ్మేవాడికి ఇక్కడ సందేహానికి చోటెక్కడ?

మరొక మాట నొప్పిగా ఉన్నా చెప్పాలి. మన దేశభక్తిని ఎవరైనా శంకించినప్పుడల్లా మనం అబ్దుల్ కలాం గారి పేరును రుజువుగా చూపుతాం. ఆయన నిరాడంబరతనూ విద్యాభిమానాన్నీ గౌరవించవలసిందే. కాని ఒక పౌరుడు తన పౌరసత్వానికి జామీనుగా క్షిపణులనూ బాంబులనూ చూపవలసి రావడం ఆ పౌరుడికి గౌరవం కాదు. బాంబును ప్రశ్నిస్తే దేశద్రోహి అంటారన్న భయంతో మౌనంగా ఉండడం మైనారిటీకి రక్షణ కాదు. అది తన హక్కులో సగాన్ని తానే వదులుకోవడం. పోఖ్రాన్ పరీక్షా స్థలానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఖేతోలాయ్ అనే ఊరు ఉంది. తమ ఊరిలో క్యాన్సర్లు పెరిగాయని, పశువులకు వైకల్యాలు వస్తున్నాయని, ఇళ్ళ గోడలు బీటలు వారాయని ఆ ఊరివారు ఏళ్ళ తరబడి చెబుతున్నారు. అందులో ఏది నిజమో తేల్చే స్వతంత్ర వైద్య పరిశీలన జరిపి, ఫలితాలు బహిరంగపరచమని అడగడం దేశద్రోహమా? ఆ ఊరివారు దేశంలోని వారు కారా?

‘ఉంటేనే భద్రత’ అనేవారికి

బాంబు ఉంటే యుద్ధం రాదని వాదించేవారున్నారు. రెండు దేశాలూ బాంబు పేల్చి చూపిన మరుసటి ఏడాదే, 1999లో, కార్గిల్ యుద్ధం వచ్చింది. 2025 మే నెలలో నాలుగు రోజులపాటు క్షిపణులు, డ్రోన్లు అటూ ఇటూ ఎగిరాయి; సరిహద్దు ఊళ్ళలో సామాన్యులు చనిపోయారు. బాంబు యుద్ధాన్ని ఆపలేదు. ప్రతి చిన్న యుద్ధాన్నీ ప్రళయం అంచుకు చేర్చింది.

ఆ ప్రళయం ఎలా ఉంటుందో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. నేడు భారత్ వద్ద దాదాపు 180, పాకిస్తాన్ వద్ద దాదాపు 170 అణ్వస్త్రాలున్నాయని స్టాక్‌హోం అంతర్జాతీయ శాంతి పరిశోధన సంస్థ 2025 అంచనా. ఈ రెండు దేశాల నగరాలు తగలబడితే లేచే మసి వాతావరణపు పై పొరకు చేరి, ఏళ్ళ తరబడి సూర్యకాంతిని అడ్డుకుంటుంది. భూమి చల్లబడుతుంది, వర్షాలు తగ్గుతాయి, పంటలు పోతాయి. అటువంటి యుద్ధం వల్ల ప్రపంచవ్యాప్తంగా రెండు వందల కోట్లకు పైగా మనుషులు ఆకలితో చనిపోయే ప్రమాదం ఉందని 2022లో ‘నేచర్ ఫుడ్’ పత్రికలో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఋతుపవనాల మీద బతికే కృష్ణా, గోదావరి డెల్టాల రైతుకు గెలుపు ఏ పక్షానిదైతేనేం? ఆసుపత్రులు ఆదుకుంటాయనుకోవడం కూడా భ్రమ. హిరోషిమాలో వైద్యులూ నర్సులలో నూటికి తొంభై మంది చనిపోయారు, లేదా గాయపడ్డారు.

ఇజ్రాయెల్ వద్ద బాంబు ఉంది కదా, ముస్లిం దేశాలకు మాత్రం ఎందుకు వద్దంటారని మరి కొందరి ప్రశ్న. ప్రశ్నలో న్యాయం ఉంది. ఇజ్రాయెల్ తన అణ్వస్త్రాలను నేటికీ ఒప్పుకోదు. ఆ రహస్యాన్ని 1986లో బయటపెట్టిన సొంత సాంకేతిక నిపుణుడు మోర్దెకాయ్ వనూనును 18 ఏళ్ళు జైలులో ఉంచింది. అగ్రరాజ్యాలు దాన్ని చూసీచూడనట్టు వదిలేశాయి. ఈ ద్వంద్వనీతిని ఖండించాలి. కాని ఒకడి చేతిలో విషం ఉందని ప్రతి ఇంటా విషం కాచుకోవడం సమాధానం కాదు. పశ్చిమాసియాను అణ్వస్త్ర రహిత ప్రాంతంగా ప్రకటించాలన్న ప్రతిపాదన 1974 నుంచి ఐక్యరాజ్యసమితిలో ఉంది. పట్టుబట్టవలసింది దాని కోసం.

అది సాధ్యమేనని చూపినవారు ఉన్నారు. 1989 ఫిబ్రవరిలో సెమిపలాటిన్స్క్ భూగర్భ పరీక్షల నుంచి విషవాయువులు బయటికి వచ్చినప్పుడు కజక్ కవి ఒల్జాస్ సులేమెనోవ్ టెలివిజన్‌లో తన కవిత చదవవలసిన సమయాన్ని ఆ సంగతి ప్రజలకు చెప్పడానికి వాడుకున్నారు. ఆ నెలాఖరుకే ‘నెవాడా–సెమిపలాటిన్స్క్’ ఉద్యమం పుట్టింది. అమెరికా పరీక్షా క్షేత్రం పేరును తమ క్షేత్రం పేరుతో కలపడం ద్వారా, ఇది రెండు దేశాల తగవు కాదని, బాధితులందరి సమస్య అని చాటారు. కరగండా బొగ్గు గని కార్మికులు సమ్మె హెచ్చరిక చేశారు. ఆ ఏడాది అనుకున్న 18 పరీక్షలలో 11 ఆగిపోయాయి. అక్టోబరు తరువాత మరొకటి జరగలేదు. 1991 ఆగస్టు 29న ఆ క్షేత్రం మూతపడింది. స్వతంత్ర కజకిస్తాన్‌కు వారసత్వంగా వచ్చిన వెయ్యికి పైగా అణ్వస్త్రాలను అది ఉంచుకోలేదు. 1995 నాటికి చివరిది కూడా వెళ్ళిపోయింది. 2006లో మధ్య ఆసియాలోని ఐదు దేశాలు, ఐదూ ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్నవే, తమ నేలను అణ్వస్త్ర రహిత ప్రాంతంగా ప్రకటించే ఒప్పందం మీద అదే సెమిపలాటిన్స్క్‌లో సంతకాలు చేశాయి. ముస్లిం ప్రపంచం గర్వపడవలసిన తేదీ ఏదైనా ఉంటే అది మే 28 కాదు, ఆగస్టు 29.

మన గడప దగ్గర

ఇదంతా దూరదేశాల మాట అనుకోవద్దు. బాంబైనా, విద్యుత్ కేంద్రమైనా, దారి యురేనియం గని దగ్గరే మొదలవుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం నడుస్తున్నాయి. అది విద్యుత్తు కోసమేనన్నది ప్రభుత్వం చెప్పే మాట. కాని వ్యర్థాల చెరువు పరిసర గ్రామాల రైతులు తమ బోరునీరు చెడిపోయిందని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, చర్మవ్యాధులు వస్తున్నాయని ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. నల్లమలలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు కూడా వినిపించింది అదే పాత మాట, అది అడవి, అక్కడ ఎవరున్నారని. అక్కడ చెంచులున్నారు. 2019లో చెంచులు, విద్యార్థులు, రచయితలు, అన్ని పార్టీల కార్యకర్తలు కలిసి గొంతెత్తారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. గొంతెత్తితే ‘నిర్జనం’ అన్న మాట నిలవదనడానికి ఇది మన నేల మీది నిదర్శనం.

అణు వ్యవహారాలన్నింటికీ ఒక గోప్యత కవచం ఉంటుంది. మన 1962 అణుశక్తి చట్టంలోని 18వ సెక్షన్ సమాచారాన్ని వెల్లడి కాకుండా ఆపే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. నంబరు 4 వైద్యశాల కథ ఎందుకు చెప్పుకున్నామో ఇక్కడ అర్థం కావాలి. బాధితుడికి అతని రోగం పేరు తెలియనివ్వకపోవడమే అణు రాజ్యాల మొదటి ఆయుధం.

చేయవలసినది

2017 జులై 7న ఐక్యరాజ్యసమితిలో 122 దేశాలు అణ్వస్త్ర నిషేధ ఒప్పందాన్ని ఆమోదించాయి. 2021 జనవరి 22 నుంచి అది అమలులో ఉంది. అణ్వస్త్రాల వాడకానికీ పరీక్షలకూ గురైనవారికి వైద్య సహాయం అందించాలని, చెడిన నేలను బాగుచేయాలని ఆ ఒప్పందం నిర్దేశిస్తోంది. కజకిస్తాన్ దాన్ని ధ్రువీకరించింది. అల్జీరియా సంతకం చేసింది. అణ్వస్త్రాలున్న తొమ్మిది దేశాలలో ఒక్కటీ అందులో చేరలేదు. మన దేశమూ పాకిస్తానూ చేరలేదు.

మన సంస్థలు, మన మస్జిద్ కమిటీలు, మన విద్యార్థి సంఘాలు చేయగలిగినవి ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి 2009లో అణు పరీక్షల వ్యతిరేక దినంగా ప్రకటించిన ఆగస్టు 29ని మన పాఠశాలలలో, మదర్సాలలో పాటించాలి. ఆ రోజు కజక్ గొర్రెల కాపరి గురించి, తువారెగ్ ఒంటెల కాపరి గురించి, ఖేతోలాయ్ రైతు గురించి పిల్లలకు చెప్పాలి. ఖేతోలాయ్‌లోనూ, తుమ్మలపల్లె పరిసర గ్రామాలలోనూ స్వతంత్ర ఆరోగ్య సర్వే జరిపి ఫలితాలు బయటపెట్టాలని మన పార్లమెంటు సభ్యులను వ్రాతపూర్వకంగా కోరాలి. చెంచుల పక్కన, కడప రైతుల పక్కన నిలబడేటప్పుడు వారి మతం, కులం అడగకూడదు. వేరొకరి ఊరు నిర్జనమైనప్పుడు మౌనంగా ఉన్న సమాజం, తన వీధి వంతు వచ్చినప్పుడు ఎవరి సాక్ష్యం కోరుతుంది?

ఇరు దేశాల టెలివిజన్ తెరల మీద బాంబు పేరెత్తగానే చప్పట్లు మోగుతాయి. ఆ చప్పట్లలో మన చేతులు కలవకూడదు. పోఖ్రాన్‌కు కలవకూడదు, చాగైకీ కలవకూడదు. బాంబు గెలిచిన చోట ఏ మతమూ గెలవలేదు, ఏ దేశమూ గెలవలేదు. పాలలో విషం తాగిన బిడ్డ మాత్రం ఓడిపోయింది. మనం ఆ బిడ్డ పక్షాన ఉన్నామని బహిరంగంగా, భయం లేకుండా చెప్పవలసిన సమయం ఇది.